బెరడు నుంచి ఔషధం దాకా: టాక్సాల్ చరిత్ర

పరిచయం

"ఫలానా ఆకు సారం రొమ్ము క్యాన్సర్ కణాలను చంపింది" అనే వార్తలు మీరు చదివే ఉంటారు. అవి అబద్ధాలు కాకపోవచ్చు. కాని వాటిని నమ్మి చికిత్స మానుకున్న రోగికి జరిగే నష్టం పూడ్చలేనిది. ప్రయోగశాలలో కణం చావడానికీ, రోగి కోలుకోవడానికీ మధ్య ఎంత దూరముందో టాక్సాల్ చరిత్ర ద్వారా తెలుసుకుందాం.

బెరడు సేకరణ

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960లో ఆ దేశ వ్యవసాయ శాఖతో కలిసి మొక్కలను సేకరించి పరీక్షించే కార్యక్రమం చేపట్టింది. అందులో భాగంగా వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బార్‌క్లే 1962 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రంలోని అడవి నుంచి పసిఫిక్ యూ చెట్టు బెరడు తెచ్చాడు. దాని సారం కేబీ అనే కణాలను చంపుతుందని 1964లో తేలింది. అవి రొమ్ము క్యాన్సర్ కణాలు కావు. నోటి క్యాన్సర్ కణాలని అప్పట్లో భావించేవారు. నిజానికి అవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాలని తరువాత బయటపడింది. ఏ కణాలపై పరీక్షించారన్నది ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

సారం నుంచి శుద్ధ పదార్థం

సారం అంటే అనేక రసాయనాల మిశ్రమం. పనిచేసేది అందులో ఏదో కనిపెట్టాలి. మన్రో వాల్, మన దేశంలో పుట్టి బొంబాయి విశ్వవిద్యాలయంలో చదివిన మన్సుఖ్ వాణీ కలిసి ఆ పదార్థాన్ని వేరుచేశారు. సుమారు 12 కిలోల ఎండు ముడిసరుకు నుంచి వారికి దక్కింది అర గ్రాము. దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. అది నీటిలో సరిగా కరగదు, దొరికేదీ తక్కువ. అందువల్ల చాలాకాలం దానిపై ఆసక్తి అంతంతమాత్రంగానే ఉండేది.

1979లో సూసన్ హార్‌విట్జ్ బృందం టాక్సాల్ పనిచేసే తీరును వివరించింది. కణ విభజనకు అవసరమైన సూక్ష్మనాళికలు ఏర్పడాలి, తిరిగి విడిపోవాలి. టాక్సాల్ వాటిని విడిపోనివ్వదు. దాంతో విభజన ఆగిపోతుంది. ఈ కొత్త విధానం వెల్లడయ్యాక పరిశోధన మళ్ళీ ఊపందుకుంది.

రొమ్ము క్యాన్సర్ కణాలు

ఈలోగా పరీక్షా సాధనాలూ మారాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక క్రైస్తవ సన్యాసిని శరీరం నుంచి 1970లో తీసిన కణాలతో ఎంసీఎఫ్-7 అనే కణశ్రేణి రూపొందింది. ఈస్ట్రోజన్ గ్రాహకాలున్న ఈ కణాలను నేటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. 1983లో మోస్‌మన్ ప్రకటించిన ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు పసుపు రంగును ఊదాగా మారుస్తాయి. ఆ ఊదా రంగు గాఢతను కొలిచి, ఎన్ని కణాలు మిగిలాయో అంచనా వేస్తారు. పరీక్ష తేలికయింది, దానితోపాటు తొందరపాటు నిర్ణయాలకూ అవకాశం పెరిగింది.

రోగి దాకా

టాక్సాల్‌ను మొదట జంతువులపై, 1980లలో రోగులపై పరీక్షించారు. కొందరిలో తీవ్రమైన అలర్జీలు రావడంతో మందు ఇచ్చే పద్ధతిని మార్చవలసి వచ్చింది. చివరకు అమెరికాలో 1992లో అండాశయ క్యాన్సర్‌కు, 1994లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి లభించింది. బెరడు సేకరించిన నాటికి, ఈ అనుమతికి మధ్య 32 ఏళ్ళు గడిచాయి.

ముగింపు

పాత్రలోని కణాలను చంపడం కష్టమేమీ కాదు. తగినంత ఉప్పు వేసినా అవి చస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కణాలను వదిలి, శరీరం తట్టుకోగల మోతాదులో, రోగికి మేలు చేయడమే కష్టం. మన పెరటి మొక్కల్లో ఔషధం లేదని ఈ చరిత్ర చెప్పడం లేదు. దాన్ని రుజువు చేసే దారి ఎంత పొడవైనదో చెబుతోంది. అలాంటి వార్త ఈసారి కనబడినప్పుడు అది ఈ దారిలో ఏ మెట్టు దగ్గర ఉందో అడగండి. మీ బంధువుల్లో ఎవరైనా ఆ వార్త చూసి చికిత్స ఆపుదామనుకుంటే, ఈ 32 ఏళ్ళ కథ వారికి చెప్పండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

ఎంసీఎఫ్-7 కణాలను చంపిన ఒక సారాన్ని ఔషధమని పిలవడానికి ముందు ఏయే దశలు దాటాలి?