పోత ఇనుప స్తంభాల నడుమ ఎర్ర తివాచీ

పూత లేని ఇటుక గోడ, పైకప్పు కింద దాచకుండా వదిలేసిన గొట్టాలు, ఇనుప కాళ్ల చెక్క బల్ల, దాని కింద ఎర్ర తివాచీ, కిటికీ పక్కన కుండీలు, పరుపు మీద అద్దకం దుప్పటి. కార్ఖానా కరకుదనాన్నీ దేశదేశాల నేతబట్టల మెత్తదనాన్నీ కలిపే ఈ గృహాలంకరణకు పుట్టిల్లు న్యూయార్క్‌లోని సోహో, దాని చుట్టుపక్కల వీధులు. మన్‌హాటన్‌లో హ్యూస్టన్ వీధికి దక్షిణాన ఉంది గనుక సోహో అన్నారు. 1950ల నుంచి అక్కడి ఖాళీ కార్ఖానాల్లో కాపురం పెట్టిన చిత్రకారులు, శిల్పులు, నర్తకులు, సంగీతకారులు చలికీ, చీకటికీ, తనిఖీ అధికారులకూ తట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాట్లే తర్వాత శైలిగా పేరు తెచ్చుకున్నాయి.

ఆ కార్ఖానాలు పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి లేచినవి. రాయి చెక్కించి భవనం కట్టాలంటే ఖర్చూ ఎక్కువే, కాలమూ ఎక్కువే. జేమ్స్ బొగార్డస్, డానియల్ బాడ్జర్ వంటివాళ్లు భవనం ముఖభాగాన్ని పోత ఇనుముతో ముక్కలుగా తయారుచేసే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. చెక్కతో నమూనా చేసి, దాన్ని ఇసుకలో అదిమి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఒక్క నమూనా ఉంటే చాలు, ఎన్ని స్తంభాలైనా దిగుతాయి. ఆ ముక్కల్ని బండ్ల మీద తెచ్చి బోల్టులతో బిగించి, తుప్పు పట్టకుండా రంగు వేస్తారు. ఆ రంగు కూడా రాయిని తలపించేదే. అందుకే దారిన పోయేవారికి అది రాయో ఇనుమో తెలిసేది కాదు. పోత ఇనుప కట్టడాల రక్షణకు 1970లో సంఘం పెట్టిన మార్గో గేల్ జనానికి చిన్న చిన్న అయస్కాంతాలు పంచేవారు. గోడకు ఆనించినప్పుడు అతుక్కుంటే అది ఇనుమే.

బ్రాడ్‌వే, బ్రూమ్ వీధుల కూడలిలోని హౌవౌట్ భవనం ఈ కట్టడాల్లో పేరున్నది. పింగాణీ, గాజు సామాన్లు, దీపాల గుత్తులు అమ్మే దుకాణం కోసం 1857లో కట్టారు. అయిదంతస్తులు. జనం మెట్లెక్కడానికి బద్ధకిస్తారేమోనని ఎలీషా ఓటిస్ తయారుచేసిన ఆవిరి లిఫ్టు పెట్టారు. ప్రయాణికుల కోసం దుకాణంలో పెట్టిన లిఫ్టుల్లో మొదటిదిగా అది చరిత్రకెక్కింది.

ఈ భవనాల్లో చాలావాటికి ఇనుము ముందువైపే. లోపల ఇటుక గోడలు, చెక్క దూలాలు, వెడల్పాటి పలకల నేల, మధ్యలో వరసగా స్తంభాలు. స్థలం సాధారణంగా 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. రెండు పక్కలా పొరుగు భవనాలు ఆనుకుని ఉండటంతో వెలుతురు ముందూ వెనకా కిటికీల్లోంచే రావాలి. పోత ఇనుప స్తంభం సన్నగా ఉండి కూడా పెద్ద బరువు మోస్తుంది కాబట్టి ఆ కిటికీలను నిలువెత్తున పెట్టగలిగారు. నేలమాళిగకు వెలుతురు దింపిన తీరు ఇంకా ముచ్చటైనది. భవనం ముందు కాలిబాటలో ఇనుప చట్రాలు పరిచి, వాటి రంధ్రాల్లో మందపాటి గాజు బిళ్లలు పొదిగేవారు. పైన జనం నడుస్తుంటే, కింద కూలీలు ఆ బిళ్లల్లోంచి దిగిన పగటి వెలుతురులో సరుకు సర్దేవారు. గాజులో కలిపిన మాంగనీసు ఎండ తగిలి, ఏళ్ల మీద ఆ బిళ్లలు లేత ఊదారంగుకు తిరిగాయి. ఇప్పటికీ కొన్ని వీధుల్లో అవి కాళ్ల కింద కనిపిస్తాయి.

ఈ శైలిలో రెండో పాయ, అంటే నేతబట్టలతో నిండిన బొహీమియన్ గదికి కూడా న్యూయార్క్‌లో 1857 నాటి గుర్తే ఉంది. హౌవౌట్ భవనానికి సుమారు మైలు దూరంలో, పదో వీధిలో, వాస్తుశిల్పి రిచర్డ్ మారిస్ హంట్ కళాకారుల కోసమే ఒక భవనం కట్టారు. అందులో 1878లో చేరిన చిత్రకారుడు విలియం మెరిట్ చేజ్ తన గదిని తూర్పుదేశాల తివాచీలు, ఇత్తడి పాత్రలు, జపాన్ వస్తువులు, నగిషీ చెక్కపెట్టెలు, వేలాడే పాత బట్టలతో కిక్కిరిసేలా నింపేశారు. ఆ గదినే ఎన్నోసార్లు బొమ్మగా వేశారు కూడా. చివరికి అప్పుల వల్ల 1896లో ఆ సామానంతా వేలానికి పోయింది. కానీ కళాకారుడి గది అంటే ఇలా ఉండాలన్న ఊహ అమెరికాలో స్థిరపడిపోయింది.

బొహీమియన్ అన్న మాట మాత్రం ఫ్రాన్సు నుంచి వచ్చింది. ఊరూరా తిరిగే రోమా జనం బొహీమియా ప్రాంతం నుంచి వచ్చారని ఫ్రెంచివాళ్లు పొరపాటు పడి ఆ పేరు పెట్టారు. నిజానికి రోమా జనం పూర్వీకులు ఉత్తర భారతం నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల భాషలో నేటికీ నీటిని పానీ అనే అంటారు. పారిస్‌లో అద్దె కట్టలేని రచయితలకూ చిత్రకారులకూ ఆ పేరు తగిలించడం పందొమ్మిదో శతాబ్దంలో మామూలైంది. హెన్రీ ముర్జే 1851లో పుస్తకంగా తెచ్చిన కథలు దాన్ని ఊరంతా చాటాయి. ఆ కథల ఆధారంగా పుచ్చీనీ కూర్చిన సంగీత నాటకం 1896లో రంగస్థలమెక్కింది. మొదటి అంకంలోనే కవి చలి తట్టుకోలేక తన రాతప్రతిని పొయ్యిలో వేస్తాడు. బొహీమియన్ గదికి చలితో ఉన్న సంబంధం అంత పాతది.

ఈ గదుల్లో కనిపించే పూలతీగల అద్దకం బట్టల వెనక తెలుగు తీరం ఉంది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో మచిలీపట్నం చుట్టుపక్కల, కోరమండల్ తీరమంతటా యూరప్ పడకగదుల కోసం పలంపోర్లనే పెద్ద దుప్పట్లు తయారయ్యేవి. మంచం మీద పరిచే గుడ్డ అన్న అర్థంలో పలంగ్‌పోష్ అన్న మాటే అలా మారింది. గుడ్డను కరక్కాయ రసంలో, గేదె పాలలో నానబెట్టి, పటిక నీళ్లతో బొమ్మ గీసి, చిరివేరు కాగులో ఉడికిస్తే పటిక తగిలినచోటే ఎరుపు పడుతుంది. ఎన్ని ఉతుకులకూ పోని ఆ రంగు చూసి యూరప్ నేతగాళ్లు బెంబేలెత్తారు. ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టలను నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసింది. ఇంతటి నిషేధాలు దాటి నిలిచిన ఇష్టం గనుకే, 1960ల్లో చవకగా దొరికిన ఇండియా అద్దకం దుప్పట్లు అమెరికా కుర్రకారు గదుల్లోకి అంత సులువుగా చేరిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోహో కార్ఖానాలు ఖాళీ కావడం మొదలైంది. లారీలు ఇరుకు వీధుల్లో తిరగలేవు, యంత్రాలకు ఒకే అంతస్తున్న పొడవాటి షెడ్లు కావాలి, సరుకు ఎత్తే లిఫ్టు ఒక్కటే, అదీ పాతది. గుడ్డపీలికలు, కాగితం అట్టలు నిల్వచేసే గోదాముల్లో తరచూ మంటలు లేచేవి. 1958 మార్చిలో బ్రాడ్‌వే మీద లోదుస్తుల కార్ఖానా ఉన్న భవనంలో జరిగిన ప్రమాదంలో 24 మంది చనిపోయారు. అగ్నిమాపక దళం ఆ ప్రాంతాన్ని నరకపు నూరెకరాలని పిలిచేది. దానికి తోడు నగర నిర్మాణాల అధికారి రాబర్ట్ మోజెస్ తలపెట్టిన భారీ రహదారి బ్రూమ్ వీధి మీదుగా పోవాల్సి ఉంది. కట్టి ఉంటే హౌవౌట్ భవనం కూడా నేలమట్టమయ్యేది. 1963లో చెస్టర్ రాప్కిన్ అనే ప్రణాళికా నిపుణుడు అక్కడ ఇంకా చిన్న కార్ఖానాలు నడుస్తున్నాయనీ, వాటి మీద బతికే పేద కార్మికులున్నారనీ తేల్చి, కూల్చవద్దని నివేదిక ఇచ్చారు. రచయిత్రి జేన్ జేకబ్స్ వంటివాళ్లు వీధుల్లోకి దిగి పోరాడారు. 1969లో ఆ రహదారి ఆలోచనను నగరం వదులుకుంది. ఈలోపు ఎప్పుడు కూల్చేస్తారో తెలియని భవనానికి మరమ్మతు చేయించే యజమాని లేడు, గిట్టుబాటు అద్దె ఇచ్చే వ్యాపారీ లేడు. కళాకారులకు దారి దొరికింది అక్కడే.

సోహోకు ముందే దక్షిణపు కొసన, ఓడరేవు పక్కన, కోయెంటీస్ స్లిప్ అనే చోట ఈ జీవితం మొదలైంది. 1950ల చివర్లో ఎల్స్‌వర్త్ కెల్లీ, ఆగ్నెస్ మార్టిన్, రాబర్ట్ ఇండియానా వంటి కళాకారులు ఓడసామాన్ల పాత భవనాల్లో చేరారు. వేణ్నీళ్లు లేవు, సరైన వంటగది లేదు. స్నానానికీ చవక భోజనానికీ దగ్గర్లోని నావికుల సత్రానికి వెళ్లేవారు. వాళ్లలో లెనోర్ టానీ నేతకళాకారిణి. 1957లో షికాగో వదిలి వచ్చి, ఒకప్పుడు తెరచాపలు కుట్టిన భవనంలో మగ్గం పెట్టుకున్నారు. తెరచాప పరచడానికి కట్టిన చోటు కాబట్టి ఎత్తుకూ వెడల్పుకూ కొదవ లేదు. ఆ ఎత్తు చూశాకే ఆమె నేత గోడను వదిలి పైకప్పు నుంచి వేలాడే నిలువెత్తు రూపాలకు ఎదిగింది. మొరటు దూలం, దాని మీంచి జారే నార దారాలు: ఇనుమూ నేతా కలిసిన గది ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే ఆమె గది ఫొటోలకు మించిన పాఠం లేదు.

సోహోలో చేరినవాళ్లది మరో ఇబ్బంది. అది పరిశ్రమల ప్రాంతం. పని చేసుకోవచ్చు గానీ నిద్రపోకూడదు. కార్ఖానా వేళలు ముగిశాక, శనాదివారాల్లోనూ వేడి ఆపేసేవారు. వందడుగుల హాలును కట్టెల పొయ్యితో ఎవరు వెచ్చబెట్టగలరు? పలకల సందుల్లోంచి వచ్చే చలిని ఆపడానికి తివాచీ, పడక చుట్టూ వెచ్చదనం నిలపడానికి తెర. గోడలు కట్టే డబ్బు లేదు, కట్టినా ఇల్లని బయటపడిపోతుంది కనుక గదికీ గదికీ మధ్య గుడ్డే అడ్డం. తనిఖీవాళ్లు వస్తే పరుపు చుట్టి దాచాలి. రాత్రి దీపం వీధిలోకి కనబడకుండా కిటికీలకు మందపాటి బట్ట కట్టాలి. ఆ పొడవాటి హాల్లో వెలుతురు కొసలకే పరిమితం కాబట్టి మొక్కలు కిటికీల దగ్గరే చేరాయి. కార్ఖానావాళ్లు వదిలేసిన బల్లలు, అరలు, దీపాలు ఎలాగూ ఉన్నాయి. మిగిలినవి కెనాల్ వీధిలోని పాత సామాన్ల దుకాణాల్లో దొరికేవి. ఇటుక గోడకు సున్నం పూయడమో, ఉన్న పూత గీకేయడమో వాళ్ల చేతుల మీదే జరిగేది.

1961లో కళాకారులు తమ ప్రదర్శనలు ఆపేస్తామని హెచ్చరించాక నగరపాలక సంస్థ కొంత దిగొచ్చింది. కార్ఖానా భవనంలో ఉండే కళాకారుడు వీధి తలుపు పక్కన ఏ.ఐ.ఆర్. (ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్) అన్న మూడక్షరాలూ తన అంతస్తూ రాసిన పలక పెట్టాలన్నది షరతు. నిప్పంటుకుంటే పైన మనుషులున్నారని అగ్నిమాపకదళానికి తెలియడానికి. 1967లో లిథువేనియా నుంచి వచ్చిన కళాకారుడు జార్జ్ మచూనస్ 80, వూస్టర్ వీధి భవనంతో కళాకారుల సహకార ఇళ్లు మొదలుపెట్టారు. మరుసటి ఏడాది శిల్పి డొనాల్డ్ జడ్ 101, స్ప్రింగ్ వీధిలో 1870 నాటి అయిదంతస్తుల ఇనుప భవనాన్ని 68,000 డాలర్లకు కొన్నారు. ఆయన అంతస్తుకొక పనిని కేటాయించి, ఒకచోట భోజనం, ఒకచోట పని, పైన నిద్ర అన్నట్టు ఉంచి, మధ్యలో గోడలు కట్టనివ్వలేదు. అయిదో అంతస్తులో నేలను అంటిపెట్టుకున్న పరుపు, దాని పక్కగా గది పొడుగునా సాగే, కళాకారుడు డాన్ ఫ్లేవిన్ కూర్చిన ట్యూబులైట్ల వరస. అంత నిరాడంబరంగా పనిచేసిన జడ్ కూడా నవాహో నేత దుప్పట్లు సేకరించారు. 1971లో ధ్రువీకరణ పొందిన కళాకారులు సోహోలో ఉండటం చట్టబద్ధమైంది. 1973లో ఆ ప్రాంతం చారిత్రక వాడగా గుర్తింపు పొందింది.

చట్టం వచ్చేలోపే పత్రికలు వచ్చేశాయి. లైఫ్ పత్రిక 1970లోనే ఈ విశాలమైన గదుల బొమ్మలు వేసింది. 1978లో జోన్ క్రాన్, సుజాన్ స్లెసిన్ రాసిన హై-టెక్ అనే పుస్తకం కార్ఖానా అరలు, ఆసుపత్రి సామాన్లు, గోదాము దీపాలు ఇంటికెలా తెచ్చుకోవచ్చో చూపించింది. పని కోసం పుట్టిన వస్తువులు ఒక్కొక్కటీ అలంకారాలయ్యాయి. ఫ్రాన్సులో ఒటన్ పట్టణంలో జేవియర్ పొషార్ తుప్పు పట్టకుండా జింకు పూతతో చేసిన 1934 నాటి టోలిక్స్ కుర్చీ, బండ్ల స్ప్రింగుల పని తెలిసిన జార్జ్ కార్వర్డైన్ 1932లో రూపొందించిన యాంగిల్‌పాయిజ్ దీపం అలాంటివే. వాటి అందం వాటి పనిలోంచి వచ్చిందే గనుక అవి పాతబడలేదు.

అద్దెలు మాత్రం పాతవి నిలవలేదు. చేతులు నొప్పెట్టేదాకా గదులు బాగుచేసుకున్న కళాకారులకే అవి అందకుండా పోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధపెట్టే ఘట్టం. 1982లో రాష్ట్రం తెచ్చిన లాఫ్ట్ (కార్ఖానా అంతస్తు) చట్టం అప్పటికే ఉంటున్నవాళ్లకు రక్షణ ఇచ్చి, భవనాలను నివాసయోగ్యం చేసే బాధ్యత యజమానుల మీద పెట్టింది. అదే ఏడాది సామాజిక శాస్త్రవేత్త షారన్ జుకిన్ తన పుస్తకంలో ఈ మార్పునంతా విడమరిచి రాశారు. 1990ల్లో గ్యాలరీలు మన్‌హాటన్‌లోనే ఉన్న చెల్సీ వాడకు తరలిపోయాయి.

శైలి ఊళ్లు దాటింది. కార్ఖానా లేనిచోట ఇటుక బొమ్మ అచ్చేసిన పలకలు గోడకు అంటిస్తున్నారు, నీళ్లు పారని గొట్టాలతో అరలు చేస్తున్నారు. హైదరాబాద్ కాఫీ దుకాణాల్లోనూ ఇది కనిపిస్తుంది. చలిదేశపు మందపాటి ఉన్ని తివాచీకి ఇక్కడి ఎండల్లో చేసే పనేమీ లేదు. నూలుతో నేసిన, ఉతుక్కోగల వరంగల్ జంపఖానా ఆ చోటుకు బాగా నప్పుతుంది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

101, స్ప్రింగ్ వీధి భవనాన్ని మరమ్మతు చేసి 2013లో సందర్శకులకు తెరిచారు. 2021 డిసెంబరులో న్యూయార్క్ నగర మండలి సోహో భూవినియోగ నిబంధనలు మార్చి, కళాకారులకే పరిమితమైన గదులను మామూలు నివాసాలుగా మార్చుకునేందుకు దారి తెరిచింది.