పలుచని లోహపు పొరలో అయస్కాంతం చెప్పిన సాక్ష్యం

లోహాన్ని చల్లబరిస్తే కరెంటు మరింత సులువుగా పారుతుందని బడిలో చదువుకున్నాం. పరమాణువుల కంపనం నెమ్మదిస్తుంది, ఎలక్ట్రాన్లకు అడ్డు తగ్గుతుంది, నిరోధం పడిపోతుంది. 1979 మార్చిలో నలుగురు శాస్త్రవేత్తలు ఈ పాఠానికి హద్దు గీశారు. ఎలిహు అబ్రహామ్స్, ఫిలిప్ ఆండర్సన్, డోనాల్డ్ లిచియార్డెల్లో, ఐఐటీ కాన్పూర్‌లో పాఠాలు చెప్పిన మన టి.వి.రామకృష్ణన్ కలిసి 'ఫిజికల్ రివ్యూ లెటర్స్'లో ఒక వ్యాసం రాశారు. ఎలక్ట్రాన్లు పలుచని పొరకే పరిమితమైతే, అందులో కాస్త కల్మషం ఉన్నా చాలు, పరమశూన్య ఉష్ణోగ్రత వద్ద అది లోహంగా మిగలదని, ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడే చిక్కుబడతాయని వాదించారు. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో డోలన్, ఓషెరాఫ్ బంగారం-పల్లాడియం పొరలను బాగా చల్లబరిచి చూస్తే, నిరోధం తగ్గాల్సింది పోయి సిద్ధాంతం చెప్పినట్టే సంవర్గమానం లెక్కన మెల్లగా పెరిగింది. అయినా ఆ పెరుగుదల ఒక్కటే నిరూపణకు చాలదు. అసలు సాక్ష్యం అయస్కాంతం చెప్పింది.

అదెలాగో తెలియాలంటే ఎలక్ట్రాన్‌ను తరంగంగా చూడాలి. కల్మషాలను ఢీకొంటూ తిరిగే ఎలక్ట్రాన్ ఒక్కోసారి బయల్దేరిన చోటికే చేరుతుంది. ఆ చుట్టును తరంగం సవ్య, అపసవ్య దిశలు రెండింటిలోనూ తిరుగుతుంది. కోనేరు చుట్టూ ఇద్దరు ఎదురు దిశల్లో నడిచినా సమాన దూరం నడిచి అదే మెట్టు దగ్గర కలిసినట్టు, ఈ రెండు తరంగాలూ ఒకే దశతో తిరిగొచ్చి ఒకదాన్నొకటి బలపరుస్తాయి. ఇదే వ్యతికరణం. దానివల్ల ఎలక్ట్రాన్ మొదటి చోటికి వచ్చే అవకాశం మామూలు లెక్కకు రెట్టింపవుతుంది, ఆ మేరకు నిరోధం పెరుగుతుంది. చలువ పెరిగేకొద్దీ తరంగం తన దశను ఎక్కువసేపు నిలుపుకుంటుంది కాబట్టి ఇంకా పెద్ద చుట్లూ లెక్కలోకి వస్తాయి. దిక్కూతెన్నూ లేకుండా తిరిగేవాడు సమతలంలో ఎప్పటికైనా బయల్దేరిన చోటికి వచ్చి తీరతాడని, మూడు కొలతల్లో ఆ హామీ లేదని గణిత శాస్త్రవేత్త జార్జ్ పోల్యా 1921లోనే నిరూపించాడు. పలుచని పొరలో ఈ ప్రభావం అంత గట్టిగా ఉండటానికి కారణం అదే.

అయితే ఈ వివరణకు బలమైన ఆక్షేపణ ఉంది. ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ వల్ల కూడా నిరోధం అదే సంవర్గమానం లెక్కన పెరుగుతుందని 1980లో ఆల్ట్‌షులర్, అరొనోవ్, లీ చూపించారు. అలాంటప్పుడు డోలన్, ఓషెరాఫ్ కొలిచింది దేన్ని? ఇక్కడే అయస్కాంతం అక్కరకొచ్చింది. అయస్కాంత క్షేత్రంలో ఎదురెదురుగా తిరిగే తరంగాల దశలు వ్యతిరేక దిశల్లో మారి వాటి పొత్తు చెడుతుంది. కొద్దిపాటి క్షేత్రానికే నిరోధం తగ్గాలి. వికర్షణ ప్రభావం అంత చిన్న క్షేత్రానికి పెద్దగా చలించదు. ప్రయోగాల్లో నిరోధం తగ్గింది. 1981లో మాస్కోలో షార్విన్‌లు ఇద్దరు సన్నని క్వార్ట్జ్ పోగుకు మెగ్నీషియం పూత పూసి, అయస్కాంత క్షేత్రం పెంచుతూ పోతే నిరోధం లయబద్ధంగా ఊగింది. ఒక్కో ఊగుకు పోగు గుండా పెరిగే అయస్కాంత అభివాహం, ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చే విలువ. ఆ రెట్టింపే రెండు తరంగాలూ చుట్టు తిరిగొచ్చాయనడానికి గుర్తు. ఆపైన, ఎలక్ట్రాన్ స్పిన్ మీద కక్ష్యా చలనం ప్రభావం బలంగా ఉంటే ఫలితం తలకిందులై, కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికి నిరోధం తగ్గే బదులు పెరుగుతుందని హికామి, లార్కిన్, నగవొకా 1980లో చెప్పారు. జార్జ్ బెర్గ్‌మన్ మెగ్నీషియం పొర మీద కొద్దిపాటి బంగారం చల్లగానే అచ్చంగా అలాగే జరిగింది. వికర్షణ ఒక్కటే కారణమైతే ఈ తలకిందులు పొసగదు.

1994లో క్రావ్‌చెంకో బృందం మరో చిక్కు తెచ్చింది. మేలిరకం సిలికాన్ పొరలో, చల్లబరిచేకొద్దీ నిరోధం బాగా పడిపోవడం గమనించింది. ఇది 1979 వాదాన్ని కొట్టివేస్తుందా? ఆ వాదం ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను పక్కనపెట్టి చేసింది. ఆ సిలికాన్ పొరలోనో, ఎలక్ట్రాన్లు పలుచగా ఉండి వికర్షణదే పైచేయి. పైగా ఏ ప్రయోగమూ పరమశూన్యాన్ని చేరలేదు. కాబట్టి పలుచని పొరలో లోహమే ఉండదన్న మాటను వికర్షణ గానీ, స్పిన్ మీద కక్ష్యా చలనం బలమైన ప్రభావం గానీ లేని ఎలక్ట్రాన్లకే పరిమితం చేసి చెప్పడం న్యాయం. వ్యతికరణం మాత్రం సందేహానికి అతీతంగా రుజువైంది. నేడు గ్రాఫీన్ వంటి కొత్త పొరల్లో ఎలక్ట్రాన్ తరంగం తన దశను ఎంత దూరం నిలుపుకుంటుందో కొలవడానికి పరిశోధకులు వాడుతున్నది ఈ అయస్కాంత పరీక్షనే.