బ్రిటిష్ సంస్కరణ కరపత్రాలు, శ్రీహరికోట తీరం

19వ శతాబ్దపు బ్రిటన్‌లో రాజకీయ, ఆర్థిక సంస్కరణల మీద వాదోపవాదాలు పార్లమెంటులో ఎంత సాగాయో కరపత్రాల్లోనూ అంతే సాగాయి. ఇప్పుడు ఎన్నికలప్పుడు వీధుల్లో పంచే ఒంటి కాగితాల వంటివి కావవి. ఇరవై ముప్ఫై పుటల నుంచి నూరు పుటలు దాటేదాకా, గట్టి అట్ట లేకుండా కుట్టి అమ్మిన చిన్న పుస్తకాలు. 1832 నాటి ఓటుహక్కు సంస్కరణకూ, 1846లో ధాన్యం దిగుమతి సుంకాల రద్దుకూ నేలను దున్నిపెట్టింది ఇవే. ఈస్టిండియా కంపెనీ పట్టా ఇరవై ఏళ్ళకొకసారి, అంటే 1813, 1833, 1853 సంవత్సరాల్లో, పార్లమెంటు ముందుకు వచ్చేది కనుక ఆ గడువు దగ్గరపడినప్పుడల్లా భారతదేశం మీదా కరపత్రాలు వరుసగా వెలువడేవి. మద్రాసు ప్రెసిడెన్సీని గురించినవి ముఖ్యంగా 1852–57 మధ్య వచ్చాయి. భూమి శిస్తు, దాని వసూలులో జరిగే దౌర్జన్యం, ఉప్పు ధర, రోడ్లు, కాలువలు వాటిలో పదేపదే కనబడే విషయాలు. ఆ వాదాలు చివరికి ఏమయ్యాయో చూడటానికి శ్రీహరికోట తీరం మంచి చోటు. ఉప్పు, జలమార్గం, అడవి అన్నీ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఆ తీరాన్ని బట్టి చూస్తే ఒక కరపత్రం గెలుపోటములను తేల్చినవి రెండు: దానిలోని కోరిక బ్రిటన్‌లో ఎవరి లాభంతో కలిసొచ్చింది, ఖజానాకు ఎంత గండి కొట్టింది.

శ్రీహరికోట పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన ఇసుక దీవి. 1971లో తొలి సౌండింగ్ రాకెట్ ఎగిరిన నాటి నుంచి అంతరిక్ష కేంద్రంగానే దాని పేరు వినబడుతోంది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడేదాకా అది నెల్లూరు జిల్లాలో భాగం. 19వ శతాబ్దంలో మాత్రం అది మద్రాసు పట్నానికి వంటచెరకు ఇచ్చే అడవి, యానాదుల నివాసం. 1835లో ప్రభుత్వం దీవిని తన చేతిలోకి తీసుకుంది. తేనె, మైనం, ఎర్ర రంగు అద్దకానికి పనికివచ్చే చిరివేరు వంటివి యానాదులు సేకరించి ఇస్తే బదులుగా గింజలు కొలిచే పద్ధతి నడిచింది. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లో బాసిల్ కాక్రేన్ తవ్వించిన కాలువను 1837లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. దాన్ని పులికాట్ సరస్సుతో కలిపి పొడిగించడంతో దీవి కట్టెలు, తీరం ఉప్పు పడవల మీద నేరుగా పట్నం చేరే దారి ఏర్పడింది.

కరపత్రాలకు కావలసిన సరుకు మద్రాసులోనే తయారైంది. దాన్ని సమకూర్చిన వారిలో ముందు చెప్పవలసిన పేరు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టిది. 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టించింది, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను నిలబెట్టింది ఆయనే. పన్నుల భారం, వసూలులో వేధింపులు, కంపెనీ కోర్టుల జాప్యం, రోడ్లూ నీటి వసతులూ లేకపోవడం గురించి ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు పంపింది. ఇటు లండన్‌లో 1853లో జాన్ డికిన్సన్ కార్యదర్శిగా ఇండియా రిఫార్మ్ సొసైటీ ఏర్పడి, వరుస సంఖ్యలతో కరపత్రాలు అచ్చువేయించింది. ఉద్యోగిస్వామ్యం కింద భారత ప్రభుత్వం ఎలా నడుస్తోందో విమర్శిస్తూ డికిన్సన్ రాసినది వాటిలో పేరుపడ్డది. ఆ సంఘానికి చెందిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమర్ మద్రాసు వచ్చినప్పుడు లక్ష్మీనరసు శెట్టి ఆయనకు జిల్లాల పరిస్థితి చూపించాడు. మద్రాసు బారిస్టరు జాన్ బ్రూస్ నార్టన్ 1854లో, కంపెనీ వ్యవహారాలను పర్యవేక్షించే బోర్డు ఆఫ్ కంట్రోల్ సంయుక్త కార్యదర్శి రాబర్ట్ లోకు బహిరంగ లేఖ రూపంలో ప్రెసిడెన్సీ స్థితిగతుల మీద పెద్ద కరపత్రమే రాశాడు. ఇంగ్లీషువాళ్ళు రాసిన ఈ పుస్తకాల్లోని కష్టాల జాబితాకూ మద్రాసు మహజరుకూ పోలిక చాలా దగ్గరగా ఉంటుంది. తెలుగువాడి డబ్బు, శ్రమ వాటి వెనక ఉన్నాయన్న సంగతికి మన చరిత్ర పుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

1854 జూలైలో కామన్స్ సభలో మద్రాసు శిస్తు వసూలు మీద చర్చ వచ్చింది. హింస మాట అబద్ధమని కొట్టిపారేసే వీలు అధికారులకు లేకపోయింది. ఇలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులుగా మద్రాసులో విచారణ సంఘం ఏర్పడి 1855లో నివేదిక ఇచ్చింది. తెలుగు జిల్లాల్లో వాడిన చిరతను ఆ నివేదిక వర్ణిస్తుంది: ఒక కొస కట్టిన రెండు కర్రముక్కల మధ్య రైతు వేళ్ళు పెట్టి, రెండో కొస పట్టి నొక్కడమే దాని పని. మనిషిని వంచి తలను కాలి వేళ్ళకు తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం ఇంకొకటి. శిస్తు బాకీ కొన్ని అణాలే అయినా ఇవి జరిగాయని సాక్షులు చెప్పారు. రెండేళ్ళ తర్వాత న్యూయార్క్ డెయిలీ ట్రిబ్యూన్‌లో కార్ల్ మార్క్స్ ఈ నివేదికను ఆధారం చేసుకునే వ్యాసం రాశాడు.

మానవత్వం మీద ఆధారపడిన కరపత్రం కూడా గెలిచింది కదా, ఇందులో ఏ బ్రిటిష్ వ్యాపారికి లాభముందని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కాని గెలుపు ఏ మేరకో చూడాలి. హింస జరిగిందని ఒప్పుకున్న నివేదికే దాని తప్పును దేశీయ చిన్న ఉద్యోగుల మీద మోపి, దొరలకు దానితో పొత్తు లేదని తేల్చింది. దాని ఫలితంగా వచ్చిన పెద్ద మార్పు పోలీసును రెవెన్యూ నుంచి విడదీయడం. 1859 మద్రాసు పోలీసు చట్టం ఆ పని చేసింది. పాలనకు అది మేలే, పైగా శిస్తు రాబడికి దానివల్ల చిల్లు పడలేదు. అదే కాలంలో మొదలైన కొత్త సర్వే సెటిల్‌మెంటులో శిస్తు రేట్లు తగ్గించే ఆలోచన ఉన్న మాట నిజం. రేటు తగ్గితే బీళ్ళు సాగులోకి వచ్చి మొత్తం రాబడి పెరుగుతుందన్న లెక్క మీదే అధికారులు దానికి ఒప్పుకున్నారు. సంస్కర్తలందరూ స్వార్థపరులని దీనికి అర్థం కాదు. మాంచెస్టర్ సభ్యుడు జాన్ బ్రైట్ 1848లోనే భారతదేశపు పత్తి సాగు మీద పార్లమెంటు సంఘానికి అధ్యక్షత వహించాడు, అక్కడి మిల్లులకు మన పత్తి కావాలన్నదీ అతనికి తెలుసు. అయినా క్రిమియా యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1857లో ఆ సీటే పోగొట్టుకున్న మనిషిని లాభానికి అమ్ముడుపోయాడనడం అన్యాయం. అతని నిజాయితీ అతనిదే. అతని మాట ఎవరి చెవికి ఎక్కిందన్నది మాత్రం మిల్లుల అవసరాన్ని బట్టి నడిచింది.

దీనికి గట్టి రుజువు ఉప్పు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ప్రభుత్వ ఉప్పు ఏకస్వామ్యం మొదలైంది. ఎన్నూరు నుంచి కృష్ణపట్నం, ఇసకపల్లి మీదుగా పైకి సాగే తీరంలో ఉప్పు పండించడానికి కట్టెలూ కాగులూ అక్కరలేదు. చలికాలం పోగానే సముద్రపు పాయ నుంచి నీళ్ళు మళ్ళించి, మడి నుంచి మడికి మార్చుతూ చిక్కబరిస్తే, మిగతా పని ఎండే చేసేది. పేరిన ఉప్పును గోకి, గట్టు మీద కుప్ప పోసి, కొఠారుకు తోలాలి. పండించినవాడికి ప్రభుత్వం గరిసెకింత అని ఇచ్చే కూలి పేరు కుడివారం. ఆ తర్వాత ఉప్పంతా సర్కారుది. సర్కారు అమ్మకం ధరలో కుడివారం వాటా బహు స్వల్పం. 1805లో 120 మణుగుల గరిసె 70 రూపాయలు. 1844లో లోపలి రవాణా సుంకాలు ఎత్తివేసి, ఆ లోటు పూడ్చడానికి మణుగు రూపాయి చేశారు. అంటే గరిసె 120 రూపాయలు. 1876లో మొదలైన ధాత కరువు నుంచి జనం ఇంకా తేరుకోని 1878 నాటికి సుంకమే మణుగుకు రెండున్నర రూపాయలైంది. సంస్కరణ కరపత్రాలు జోరుగా వెలువడిన కాలంలో ఈ లెక్క తగ్గలేదు.

ఉప్పు ఏకస్వామ్యాన్ని బ్రిటన్‌లో ఎవరూ తప్పుపట్టలేదా? పట్టారు, చాలా గట్టిగానే పట్టారు. 1836లో పార్లమెంటు ఈ విషయం మీద ప్రత్యేక సంఘాన్నే వేసింది. 1853 పట్టా బిల్లులో ఉప్పు తయారీని అందరికీ వదిలేయాలన్న నిబంధనను సర్ జాన్ పాకింగ్టన్ ప్రతిపాదించగా కామన్స్ సభ ఒప్పుకుంది, లార్డ్స్ సభ తీసేసింది. ఆయన నియోజకవర్గం డ్రాయిట్‌విచ్. ఆ ఊరి జీవనాధారమే ఉప్పు ఊటలు. చెషైర్, వూస్టర్‌షైర్ ఉప్పు వర్తకుల చూపు బెంగాల్ మీద ఉంది. అక్కడ నీటిని కట్టెలతో కాచి ఉప్పు చేయాలి, ఖర్చెక్కువ. లివర్‌పూల్ నుంచి ఓడల్లో వచ్చే ఉప్పు దానితో సులువుగా పోటీపడగలదు. 1863లో బెంగాల్‌లో ప్రభుత్వం తన ఉప్పు తయారీని మానుకోవడంతో వారి కోరిక చాలామటుకు తీరింది. ఎండకు చవకగా పేరే మన తీరపు ఉప్పు ముందు చెషైర్ సరుకు నిలవదు, కనుక ఇక్కడి ఏకస్వామ్యం మీద వారికి పట్టుదల ఉండవలసిన పని లేదు. పేదవాడి ఉప్పు గురించి రాసిన పుటలే రెండు తీరాలకూ వర్తించాయి, ఫలితం ఒక తీరానికే దక్కింది.

తలకు ఏటా కొన్ని అణాలే పడే పన్ను కనుక ఉప్పు సుంకం పెద్ద భారం కాదని, పేదవాడి నుంచి రాజ్యానికి వచ్చేది ఇదొక్కటే కదా అని అధికారులు వాదించేవారు. తిండిలో వేసుకునే ఉప్పు మటుకే లెక్కలోకి తీసుకుంటే ఆ వాదం నిలుస్తుంది. సముద్రం ఒడ్డున అది నిలవదు. చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టకపోతే పట్టిన రోజునే అమ్ముడుపోవాలి, లేదా కుళ్ళిపోవాలి. సుంకం పడ్డ ఉప్పు కొనలేక జాలర్లు చౌడు మట్టి వాడితే అది నేరం. 1873లో ఫ్రాన్సిస్ డే సముద్రపు చేపల మీద ఇచ్చిన నివేదికలో ఉప్పు పన్ను ఈ వృత్తిని ఎలా దెబ్బతీసిందో ఉంది. ఆ తర్వాతే మద్రాసు తీరంలో, సుంకం లేకుండా ఉప్పిచ్చి చేపలు నిల్వచేయించే సర్కారు యార్డులు వచ్చాయి. ఇరవై ఏళ్ళ కరపత్రాలు సాధించలేని చిన్న ఊరటను ఒక ఉద్యోగి నివేదిక సాధించింది, అదీ సాధారణ రేటు జోలికి పోకుండా. లోపలి జిల్లాల్లో చౌటి నేలల నుంచి తీసే మట్టి ఉప్పును మాత్రం ప్రభుత్వం అణచివేస్తూనే వచ్చింది. 1882లో సుంకాన్ని రెండు రూపాయలకు దించారు, 1888లో మళ్ళీ రెండున్నర చేశారు.

కాలువల సంగతి శిస్తు హింసకూ ఉప్పుకూ నడిమధ్యది. గోదావరి ఆనకట్ట (1847–52) అనుభవంతో ఆర్థర్ కాటన్ 1854లో ప్రజోపయోగ నిర్మాణాల మీద పుస్తకం ప్రచురించి, నీటి మీద సరుకు తరలింపు రైలు కంటే ఎన్నో రెట్లు చవకని జీవితాంతం వాదించాడు. ఇక్కడ బ్రిటిష్ లాభం రెండుగా చీలింది. పత్తి కావలసిన మాంచెస్టర్‌కు కాలువ అయినా ఒకటే, రైలు అయినా ఒకటే. లండన్ మదుపుదారులకు మాత్రం రైలే ముద్దు, ఎందుకంటే రైలు కంపెనీల పెట్టుబడికి ప్రభుత్వం అయిదు శాతం హామీ ఇచ్చింది. దక్షిణాదిలో మొదటి రైలు 1856లో రాయపురం నుంచి బయలుదేరింది. మద్రాసు నుంచి ఉత్తరానికి సాగే తీర కాలువ మాత్రం ముక్కలు ముక్కలుగా పెరిగింది. 1876–78 కరువులో కూలిపనులుగా మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలిపే భాగం తవ్వించాక, 1878లో గవర్నరు బకింగ్‌హాం పేరు దానికి పెట్టారు. ఉత్తరాన కృష్ణా డెల్టా అంచున పెదగంజాం దాకా చేరి, పులికాట్ మీదుగా కృష్ణా కాలువలకూ మద్రాసుకూ పడవ దారి కుదిర్చింది. కాటన్ వాదం గెలిచిందనడానికి దీన్ని చూపేవాళ్ళున్నారు. వాదం నెగ్గి కట్టిన కాలువైతే కరువు వచ్చేదాకా ఆగేది కాదు. 1899లో గూడూరు మీదుగా బెజవాడ, మద్రాసు రైలుదారి కలిసేసరికి దూరపు సరుకు పడవల నుంచి వ్యాగన్లకు మారసాగింది. కట్టెలు, ఉప్పు, ఎండు చేపలు మాత్రం ఆ తర్వాతా చాలా కాలం పడవల మీదే వెళ్ళాయి.

ఆ కట్టెలు కొట్టిన యానాదులు ఈ వాదంలో ఎక్కడున్నారన్నది చివరి ప్రశ్న. రైతు ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు, కొంతవరకు చేనేతవాడూ ఉన్నాడు. అసోసియేషన్ మహజరు మీద సంతకం పెట్టగలిగినవాళ్ళూ, శిస్తు కట్టేవాళ్ళూ కరపత్రాల్లోకి వచ్చారు. శిస్తు కట్టని, సంతకం రాని, మార్కెట్టులో కాక సర్కారు కొలత దగ్గర గింజలు తీసుకునే మనుషుల గురించి రాయడానికి లండన్‌లో ఏ సంఘానికీ కారణం లేకపోయింది. శ్రీహరికోట వ్యవహారమంతా కలెక్టరు, రెవెన్యూ బోర్డుల మధ్య ఉత్తరాల్లోనే నడిచింది. సేకరించిన సరుకుకు రేటెంత, దీవిలో చదువు చెప్పించాలా అన్నవి వాటిలోని విషయాలు. సంస్కరణ కరపత్రాల జోరు తగ్గిన చాలా ఏళ్ళకు, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాని కింద రిజర్వు చేసిన అడవిలో వేరు తవ్వాలన్నా తేనె తీయాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది.