ముట్టుకుంటేనే ఆట

స్వర్ణోత్సవ సంచికకు ‘ఆటలు – నేటి సమాజం’ అన్న విషయం మీద రాయమని సంఘం మిత్రులు అడిగారు. ఆటల వల్ల ఆరోగ్యం, క్రమశిక్షణ అలవడతాయని మనమంతా ఎనిమిదో తరగతి వ్యాసంలోనే రాసి మార్కులు తెచ్చుకున్నాం. మళ్లీ అదే రాయను. మన బడి గ్రౌండులో నేను ఆడిన చెడుగుడు మనకు చేసిన మేలేమిటో, చేయలేకపోయింది ఏమిటో చెబుతాను.

మనం చెడుగుడు అనే ఆటను మహారాష్ట్రలో హుతుతు అన్నారు, బెంగాల్లో హాడుడు అన్నారు. ఊరికో పద్ధతిగా ఉన్న ఆటకు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మహారాష్ట్రలో నియమాలు ఏర్పరిచారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి (మన అమరావతి కాదు, విదర్భలోది) హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ వారు అక్కడ ప్రదర్శించి చూపారు. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. 1990లో బీజింగ్ ఏషియాడ్‌లో పతకాల ఆట అయింది.

ఆ 1950లోనే మన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అందులోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఈ రెండింటికీ సంబంధం లేదు. అయినా నాకు రెండూ కలిపే గుర్తొస్తాయి. ఎందుకంటే చెడుగుడు ప్రాణమంతా ముట్టుకోవడంలోనే ఉంది. కూతకు వెళ్లినవాడు ముట్టుకుంటేనే పాయింటు. వాణ్ణి ఆపాలంటే నడుము పట్టాలి, కాలు పట్టాలి, మీద పడాలి. పట్టడానికి ముందు పక్కవాడి చేయి పట్టుకుని గొలుసు కట్టాలి. ఎవరినీ తాకకుండా ఆడే చెడుగుడు లేదు.

మా రోజుల్లో ఊరు వేరు, పల్లె వేరు. దళితవాడను మా వైపు పల్లె అనేవారు. బళ్లో కుండ దగ్గర కొందరు ముంచుకుని తాగేవారు, కొందరికి పైనుంచి పోసేవారు. డ్రిల్లు మాస్టారు మాత్రం జట్టుకు ఏడుగురిని ఎంచేటప్పుడు ఊపిరి, పట్టు, కాళ్ల వేగం తప్ప ఇంకేమీ చూడలేదు. ఏడుగురిలో ముగ్గురు పల్లె నుంచే వచ్చారు. నల్లరేగడి వానకు బురద, ఎండకు నెర్రెలు. అందుకని అందరం కలిసి వాగు ఇసుక మోసుకొచ్చి పోశాం. పత్తి తీతలప్పుడు, మిరపకాయ కోతలప్పుడు సగం జట్టు పొలాల్లో ఉండేది. ఒకడి నాన్న చేలో ఇంకొకడు కూలికి వెళ్లేవాడు. సాయంత్రం గీత లోపలికి వస్తే ఆ కూలీ కుర్రాడే ఆసామి కొడుకును మట్టి కరిపించేవాడు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

గీత బయటి సంగతి వేరు. సంక్రాంతి పోటీలకు పొరుగూరు వెళ్లి గెలిచాం. టీ బంకు దగ్గర మా నలుగురికి గాజు గ్లాసులు వచ్చాయి. మిగతా ముగ్గురికి చూరులో పెట్టిన సత్తు గ్లాసులు తీసి ఇచ్చారు. వాటిని తాగినవాళ్లే కడిగి పెట్టాలి. అప్పటిదాకా నా చేయి పట్టుకుని గొలుసు కట్టినవాడు ఆ ముగ్గురిలో ఒకడు. నేను చూశాను. చూసి, నా టీ తాగాను.

తర్వాత చాలా ఏళ్లకు పల్వంకర్ బాలూ గురించి చదివాను. చర్మకార కులంలో పుట్టిన ఈ ఎడమచేతి బౌలర్ పూణేలో హిందువుల క్లబ్బుకు ఆడేవాడు. మైదానంలో అందరూ ఆ బంతినే పట్టుకునేవారు. విరామంలో మాత్రం ఆయనకు టీ బయట మట్టి ముంతలో ఇచ్చేవారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో ఆయన వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు. చివరికి 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. ఆట మనసులు మారుస్తుంది, కానీ చాలా నెమ్మదిగా మారుస్తుంది.

అది ఎంత నెమ్మదో మన జిల్లాల్లోనే తెలిసింది. నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడాది, 1985 జులై 17న, కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల హత్యదాకా వెళ్లింది. బతికినవారు చీరాల చేరి తలదాచుకున్నారు. మా ఊళ్లో ఏమీ జరగలేదు. కానీ పల్లె పిల్లలు గ్రౌండుకు రావడం మానేశారు. ఊళ్లో పెద్దలు మమ్మల్నీ వెళ్లొద్దన్నారు. డ్రిల్లు మాస్టారు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. రోజూ సాయంత్రం సున్నంతో గీతలు గీసి, ఈల మెళ్లో వేసుకుని, ఖాళీ గ్రౌండులో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చాలా రోజుల తర్వాత నా గొలుసు జోడీ వచ్చాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. నలుగురికి నలుగురం ఆడాం. ఏమీ మాట్లాడుకోలేదు. కూత మాత్రం వినబడింది.

ఆ తర్వాత 1991లో చుండూరు జరిగింది. కాబట్టి ఆట కులాన్ని పోగొడుతుందని నేను రాయలేను. ఇంతవరకు మాత్రం చెప్పగలను: చేయి పట్టుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి తెలిసినవాడికి, ఆ చేతికి వేరే గ్లాసు ఇచ్చినప్పుడు సిగ్గు వేస్తుంది. సిగ్గు పడ్డవాడు ఏదో ఒకనాటికి మాట్లాడతాడు. నాకు ముప్పై ఏళ్లు పట్టింది. మొన్నటి ఒక కలయికలో ఆ టీ సంగతి ఎత్తి క్షమించమన్నాను. “గుర్తుందిలేరా” అన్నాడు. గుర్తు లేదని అబద్ధం ఆడలేదు. అందుకే ఆ మాట నాకు విలువైనది.

మా రోజుల్లో ఆ గీతల్లో చోటు దొరకనివాళ్లు ఇంకా ఉన్నారు: మన ఆడపిల్లలు. 2010 గ్వాంగ్‌జౌ ఏషియాడ్‌లో మహిళల కబడ్డీని మొదటిసారి చేర్చితే మన దేశపు అమ్మాయిలు బంగారు పతకం తెచ్చారు. 2014 నుంచి టీవీలో తెలుగు టైటాన్స్ ఆట చూస్తున్నాం. చూడటం వేరు, ఆడటం వేరు. ఇప్పుడు ఊరి పిల్లల్లో సగం మంది తెల్లారేసరికి వ్యాన్లెక్కి, గ్రౌండు లేని బళ్లకు వెళ్తున్నారు. ఊరి పిల్లలు, పల్లె పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకునే చోటు ఏదీ? మన గ్రౌండులో ఒక పక్క మిర్చి లారీలు ఆగుతున్నాయి, ఇంకో పక్క కంప చెట్లు పెరిగాయి.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కట్టిద్దామని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. వారి అభిమానం నాకు తెలుసు. నా మనవి ఒక్కటే. ముందు గ్రౌండు చదును చేయిద్దాం. ప్రహరీ కట్టిద్దాం, నాలుగు లైట్లు పెట్టిద్దాం, అబ్బాయిలకో కోర్టు, అమ్మాయిలకో కోర్టు గీయిద్దాం. డబ్బు మిగిలితే ద్వారం. ఇసుక మోయడానికి నేను వస్తాను. నా గొలుసు జోడీ కూడా వస్తానన్నాడు.