చూపునకు కాపరి

1922లో టొరాంటో నగరమున మధుమేహరోగులకు ఇన్సులిన్ మొదటిసారిగా ఇచ్చినప్పుడు ఆ వ్యాధి భయము తీరినదని లోకము సంతోషించినది. మృత్యుముఖమున నున్న పిల్లలు లేచి తిరిగిరి. కాని పది, ఇరువది ఏండ్లు గడచునప్పటికి వారిలో పలువురి చూపు మందగింపసాగెను. ఆయువు పెరిగినకొలది, పూర్వము అంతగా కానరాని కంటిజబ్బు తలయెత్తినది.

జబ్బు మాత్రము క్రొత్తది కాదు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటిలోపలికి చూచు పరికరమును ప్రకటించిన కొలది ఏండ్లకే, వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ మధుమేహరోగి నేత్రపటలముపై మార్పులను గుర్తించి వ్రాసెను. రక్తమున చక్కెర హెచ్చియుండుటచే వెండ్రుకకన్న సన్నని నాళముల గోడలు చెడి, కొన్ని మూసికొనిపోవును. ప్రాణవాయువు చాలక ఆ భాగము అలమటించును. అప్పుడు క్రొత్త నాళములు మొలచును. సాయమునకు వచ్చిన చుట్టములే యింటికి చేటు తెచ్చినట్లు, ఆ బలహీనపు నాళములు చిట్లి నెత్తురు కార్చును; నేత్రపటలమును పట్టి లాగును. ఇంత జరుగుచున్నను నొప్పి యుండదు. చూపు మసకబారకమునుపే ఏటేట కండ్లు పరీక్ష చేయించుకొనుడని వైద్యులు చెప్పుట ఇందులకే.

ఈ నాళములను పిలుచుచున్న దెవరు? ఊపిరాడని నేత్రపటలమే ఏదో ద్రవ్యమును విడుచుచున్నదని 1948లో ఐజాక్ మైఖేల్సన్ ఊహించెను. ఆ ద్రవ్యమేదో తెలియకుండగనే చికిత్సలు సాగినవి. ప్రసవానంతరము పిట్యూటరీ గ్రంథి చెడిపోయిన ఒక మధుమేహరోగికి కంటిజబ్బు తగ్గినదని 1953లో డెన్మార్కు వైద్యుడు పౌల్సెన్ ప్రకటించెను. అటుపిమ్మట ఆ గ్రంథినే తొలగించు శస్త్రచికిత్సలు కొన్నేండ్లు జరిగినవి. చూపుకొరకు ఎంత వెల! లేజరు కిరణములు వచ్చి ఆ బాధను తప్పించినవి. వానివలన తీవ్రమైన చూపునష్టము సగమునకు పైగా తగ్గునని 1976లో అమెరికా పరిశీలన యొకటి రుజువు చేసినది.

మైఖేల్సన్ ఊహించిన ద్రవ్యము తుదకు దొరకినది. 1989లో ఫెరారా బృందము వేరుపరచిన వి.ఇ.జి.ఎఫ్. అను మాంసకృత్తు ఈ రోగుల కంటిద్రవములో హెచ్చుగా నున్నదని 1994లో బోస్టన్‌లో లాయిడ్ ఐయెల్లో మొదలగువారు చూపిరి.

అయినను ఒక ప్రశ్న మిగిలినది. ఆరోగ్యవంతుని కంటిగ్రుడ్డును నింపియున్న గాజువంటి గుజ్జులో ఒక్క నాళమైనను ఏల మొలవదు? సమాధానము అప్పటికే చేతిలో నుండెను, ఎవరును గుర్తింపలేదు. 1990 ప్రాంతమున టోంబ్రాన్-టింక్, జాన్సన్ అను పరిశోధకులు, నేత్రపటలము వెనుకనున్న రంగుపొర కణములు విడుచు ఒక మాంసకృత్తును కనుగొనిరి. అది సోకగా కంటి క్యాన్సరు కణములు నాడీకణముల రూపము దాల్చినవి. కావున దానిని నాడులను పోషించునదిగానే తలచిరి. 1999లో చికాగోలో డాసన్, బౌక్ ప్రభృతులు పరీక్షించి, నాళములను లోనికి రానీయక అడ్డగించు కాపరియు అదియేనని తెలిపిరి. దాని పేరు పి.ఇ.డి.ఎఫ్. ప్రాణవాయువు తగ్గినచో ఇదియు తగ్గును. పిలుపు హెచ్చిన వేళనే కాపరి నీరసించును!

ఆ పిలుపును అణచు మందును కంటిలోనికి సూదితో ఎక్కించుట నేడు వాడుకలో నున్నది. అట్టి మందులలో రానిబిజుమాబ్ అనునది మధుమేహమువలన నేత్రపటలమున కలుగు వాపునకు 2012లో అమెరికాలో ఆమోదము పొందినది. కాపరిని బలపరచు మందు మాత్రము ఇంకను ప్రయోగదశలోనే యున్నది.