ఎటూ వెళ్లని ఇంజను

వార్షికోత్సవం అంటే ఆదివారం సంచిక వాళ్లకు ఎక్కడలేని హుషారు. స్పెయిన్‌లోని వెల్వా రేవులో రాగి ఖనిజాన్ని ఓడల్లోకి ఎత్తడానికి కట్టిన ఇనుప వారధి 1876లో మొదలైంది. 150 ఏళ్లు నిండాయి కదా, గురువారం సాయంత్రానికల్లా ఏదైనా రాయమన్నారు. వారధి గురించే రాస్తానని ఒప్పుకున్నాను గానీ, నా కన్నంతా దాని మీద తిరిగిన బుల్లి షంటింగ్ ఇంజన్ల మీదే. వేసవి సెలవులన్నీ గుంతకల్లు యార్డు పక్కన గడిపినవాడికి ఆ పిచ్చి ఓ పట్టాన వదలదు. మెయిలు బండి పోతుంటే పిల్లలందరం చేతులూపేవాళ్లం. ఉన్నచోటే నాలుగు ఫర్లాంగులు ముందుకీ వెనక్కీ తిరుగుతూ, పెట్టెకు పెట్టె తగిలిస్తూ, రాత్రంతా దగ్గే షంటింగ్ ఇంజనును ఎవరూ పట్టించుకునేవారు కాదు. మా మేనమామ దాన్ని ‘గానుగెద్దు’ అనేవాడు.

ఆ ఖనిజం వచ్చింది రియో టింటో గనుల నుంచి. రియో టింటో అనేది ముందు ఒక నది పేరు. నీళ్లు ద్రాక్షసారా రంగులో ఉంటాయి. పులుపులో నిమ్మరసానికి దగ్గర. గట్టున ఉన్న కొండల్లో రాగీ, గంధకమూ కలిసిన రాయి. రోమన్లు ఇక్కడ పాతాళం దాకా తవ్వి, బానిసల చేత చెక్క చక్రాలు తిప్పించి నీళ్లు తోడించారు. అలాంటి చక్రం ముక్క ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రోమన్లు పోయాక వెయ్యేళ్లను ఒక్క అంగలో దాటేద్దాం. 1556లో రెండో ఫిలిప్ రాజు మనుషులు వచ్చి పాత గుంతలు చూసుకుని వెళ్లారు. 1725లో ఒక స్వీడన్ దేశస్థుడు కౌలుకు తీసుకున్నాడు. చివరికి 1873లో, ఖజానా అడుగంటిన స్పెయిన్ ప్రభుత్వం 9 కోట్ల 20 లక్షల పెసెటాల పైచిలుకుకు గనులను బ్రిటిష్ కంపెనీకి అమ్మేసింది. కొండ, కొండ కింద రాయి, అన్నీ కలిపి బేరం.

కొన్నవాళ్లు ముందుగా చేసిన పని రైలు వేయడం. రాగి కొండ మీద ఉంటే ఓడలు 84 కిలోమీటర్ల అవతల ఉన్నాయి మరి. 1875కల్లా నది వెంబడే మెలికలు తిరుగుతూ లైను సిద్ధమైంది. దానికి బ్రిటన్ నుంచి తెప్పించిన ఇంజన్లలో చాలావరకు పొట్టివి. ఆరే చక్రాలు. వెనక బొగ్గుపెట్టె వేరుగా లేదు. కావడి మోస్తున్నట్టు బాయిలరుకు రెండు పక్కలా నీళ్ల ట్యాంకులు. బరువంతా తిరిగే చక్రాల మీదే పడుతుంది కాబట్టి పట్టాలను గట్టిగా పట్టుకుంటాయి. ఒళ్లు పొట్టి కాబట్టి గనిలో ఎంత మలుపైనా తిరుగుతాయి. వేగం అడగకూడదు, బలం అడగాలి.

వెల్వా రేవులో అంతా మెత్తటి బురద. ఎంత లోతుకు దించినా స్తంభం కూరుకుపోతూనే ఉంటుంది. ఇంజనీర్లు జార్జ్ బార్‌క్లే బ్రూస్, థామస్ గిబ్సన్ స్తంభాల చుట్టూ చెక్క వేదికలు పరిచి, బరువును బురద మీదే పంచేశారు. దాని పైన అంతస్తులుగా పట్టాలు. షంటింగ్ ఇంజను నిండు వ్యాగన్లను వెనకనుంచి తోసి ఎత్తుకు చేర్చేది. అక్కడితో దాని పని సరి. మిగతాది వాలు చూసుకునేది. బ్రేకు కాస్త సడలిస్తే చాలు, వ్యాగను ఎవరూ లాగకుండానే ఓడ పక్కకు జారి, సరుకు దింపి, కింది అంతస్తు మీదుగా మళ్లీ వాలులోనే ఒడ్డుకు వచ్చేది. ఒక్క తోపుకు రెండు ప్రయాణాలు! బొగ్గు ఖర్చు దగ్గర కంపెనీ చేయి ఎంత గట్టిదో ఈ వారధిని చూస్తే తెలుస్తుంది.

ఇదే రైల్లో మన పేరు పెట్టుకున్న పెట్టె ఒకటుంది. ‘మహారాజా పెట్టె’. ఈ వ్యాసం ఒప్పుకోవడానికి సగం కారణం అదే.

1892లో బర్మింగ్‌హామ్‌లో తయారైందట. విక్టోరియా రాణి భారతదేశం వస్తుందని, ఇక్కడ ఊరేగడానికి దీన్ని సిద్ధం చేశారట. లోపల మెరుగు పెట్టిన చెక్కపని, మెత్తటి కుర్చీలు. రాణిగారు మాత్రం జన్మలో ఇండియా గడప తొక్కలేదు. పెళ్లికూతురు రాని పల్లకిలా పెట్టె మిగిలిపోయింది. దాన్ని రియో టింటో కంపెనీ తెచ్చుకుని, స్పెయిన్ రాజు పదమూడో అల్ఫోన్సో గనులు చూడడానికి వచ్చినప్పుడు ఎక్కించిందని అక్కడ చెబుతారు. కథ బాగుంది. నాకే ఒక చిక్కు. పెట్టె పేరులోని మహారాజు ఎవరు? ఎవరూ చెప్పరు. పైగా మన మీటర్ గేజ్ 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్ 1676. రియో టింటో లైను 1067. పెట్టె మన పట్టాల కోసం చేసిందే అయితే స్పెయిన్‌లో దాని చక్రాలన్నా మార్చి ఉండాలి, కథన్నా మార్చి ఉండాలి. అయినా నాకు ఆ కథ మీద కోపం లేదు. గుంతకల్లులో మీటర్ గేజ్ పెట్టెలు లెక్కపెట్టిన పిల్లవాడికి, అవతలి ఖండంలో ఒక పెట్టె మన మహారాజు పేరు చెప్పుకుని బతుకుతోందంటే ముచ్చటే కదా.

ఆ 1892కు నాలుగేళ్ల ముందు జరిగింది మాత్రం ముచ్చట కాదు. తక్కువ రకం ఖనిజాన్ని బయలులో కుప్పలు పోసి నెలల తరబడి కాల్చేవారు. గంధకపు పొగ పైర్లను మాడ్చేసేది. పొగ మరీ దట్టంగా కమ్మి పని సాగని రోజును అక్కడి వాళ్లు ‘దుప్పటి రోజు’ అనేవారు. ఆ రోజుకు కూలీ కోసేవారు. 1888 ఫిబ్రవరి 4న కార్మికులు, పక్క ఊరు సలామియా రైతులు, ఆడవాళ్లు, పిల్లలు బ్యాండుమేళంతో సహా గని ఊరి నడిబొడ్డున చేరారు. సైన్యం కాల్పులు జరిపింది. ప్రభుత్వ లెక్క 13 మంది. ఆ లెక్కను అప్పుడూ ఇప్పుడూ ఎవరూ నమ్మలేదు. అక్కడి వాళ్లకు అది ‘తుపాకుల ఏడు’. వారధి దగ్గర తోపులు మాత్రం తర్వాతా సాగాయి.

ఆ తర్వాతి కథ ఒక దారిన నడవదు. 1907లో కొత్త బయలు గని మొదలై 345 మీటర్ల లోతుకు దిగింది. 1929లో రెండు భారీ గ్యారెట్ ఇంజన్లు వచ్చాయి. 1954లో గనులు మళ్లీ స్పెయిన్ వాళ్ల చేతికొచ్చాయి. డీజిల్ వచ్చింది. 1975లో వారధి మీద పని ఆగింది, 1984లో రైలు ఆగింది, 2001లో గనే మూతపడింది. రాగి ధర పెరిగాక 2015లో మళ్లీ తెరిచారు. ఈసారి సరుకు లారీల్లో పోతోంది. రైళ్ల కోసం కట్టిన వారధి మీద ఇప్పుడు సాయంత్రాలు జనం షికారుకు వస్తారు.

గ్యారెట్లు మూలకు చేరినా, 1875 నాటి 14వ నంబరు బుల్లి ఇంజను మాత్రం ఇంకా ఆవిరి వదులుతోంది. చలికాలంలో కొన్ని ఆదివారాలు పర్యాటకులను ఎక్కించుకుని, ఎర్రనది పక్కన పన్నెండు కిలోమీటర్ల లోపే పోయి, వెనక్కి వస్తుంది.

ఇది రాసి పంపాక సంచిక నుంచి ఫోను వచ్చింది. ఫొటో కావాలన్నారు. 14వ నంబరుదా అని అడిగాను. కాదట. మహారాజా పెట్టెదట.