ఊరి లెక్క ఎవరింట్లో ఉంది?

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో చుక్కల కోసం ఒక చట్టం చేసింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో భూములు కొలిచి, శిస్తు నిర్ణయించి, సర్వే నంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు రాస్తూ పోయిన ఉద్యోగులు కొన్నిచోట్ల పేరు తేలక చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ పుస్తకం రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. తహసీల్దారు ఆఫీసులో ఎవరినడిగినా ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. ఆ చుక్కలు తరవాతి తరాల మెడకు చుట్టుకున్నాయి. పేరు లేదు గనక భూమి సర్కారుదేనంటూ వాటిని నిషేధిత జాబితాలోకి ఎక్కించారు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న రైతు అవసరానికి అరెకరం అమ్ముకోబోతే రిజిస్ట్రేషను కుదరదన్నారు. చివరికి ఆ గడి నింపడానికే ప్రత్యేకంగా చట్టం కావలసి వచ్చింది. చుక్కల భూముల చట్టం అంటే అదే.

ఆ గడి ఖాళీగా ఉందని రైతుకు ముందే ఎందుకు తెలియలేదు? తన పొలం గురించి సర్కారు ఏం రాసుకుందో చూసుకునే అవకాశం అతనికి ఏనాడూ సరిగ్గా దొరకలేదు. తెలుగు నేల మీద ఊరి లెక్క కాగితం మీద ఊరిదే గాని, చాలాకాలం ఒకరి ఇంట్లోనే ఉంది.

ఆ ఇల్లు కోస్తాలో, రాయలసీమలో కరణం గారిది. ఎక్కువ ఊళ్లలో నియోగులది. కొడుకు తండ్రి దగ్గరే లెక్క నేర్చుకునేవాడు, గొలుసుకట్టు రాతా అక్కడే పట్టుబడేది. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలం ఎత్తకుండా రాసే ఆ రాతను, బడిలో చదువుకున్నవాడు కూడా తడుముకోకుండా చదవలేడు. కవిలెకట్టలు, తరవాతి రోజుల్లో కాగితపు దస్త్రాలు కరణం ఇంటి భోషాణంలో ఉండేవి. కుంపిణీ ప్రభుత్వం 1802లో 29వ రెగ్యులేషను తెచ్చి, కరణం ఏ లెక్కలు రాయాలో, ఎవరికి చూపాలో నిర్దేశించింది. దస్త్రం ఉండే చోటు మాత్రం మారలేదు. అడంగల్లో ఏటా ఏ పంట వేశారో, ఎవరు సాగు చేశారో రాసేది ఆయనే. అన్నదమ్ముల తగాదాలో, కౌలు వివాదంలో ఆ ఒక్క గడే సాక్ష్యం. ఇంత అధికారం ఉన్నవాణ్ణి ఊరు గౌరవించింది, భయపడింది, చాటున తిట్టుకుంది. సుమతీ శతకంలో కరణాల మీద పద్యాలుండటం ఊరికే జరిగిన పని కాదు.

అలాగని ఆ దస్త్రాలను తీసిపారేయడానికి లేదు. వాటి విలువ తెలిసినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయిన ఈ స్కాట్లండు సైనికుడి దగ్గర పనిచేసిన కావలి సోదరులు తెలుగువాళ్లు. పెద్దవాడు బొర్రయ్య 1803లోనే చనిపోతే, లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వీళ్లూ వీళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కరణాల దగ్గరి దండకవిలెలు చూసి కైఫియత్తులు రాయించారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, పొలిమేర ఎక్కడిదాకా, ఏ దొర కాలంలో శిస్తు ఎంత, ఇవన్నీ వాటిలో ఉన్నాయి. కుంపిణీ మనుషులై వెళ్లినా దస్త్రం అంత తేలిగ్గా బయటికి రాలేదు. కొత్త పన్నేదో వేయడానికే ఈ ఆరా అని గ్రామాధికారులు అనుమానించిన సందర్భాలున్నాయి. సర్కారు చీటీ చేతిలో ఉన్నవాడికే ఇలా ఉంటే, మామూలు కాపుకు కరణం దస్త్రం ఎలా విప్పి చూపిస్తాడు? సి.పి. బ్రౌన్ చొరవ వల్ల ఆ కైఫియత్తులకు నకళ్లు తయారై నిలిచాయి. కడపలోని బ్రౌన్ గ్రంథాలయం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది. తమ ఊరి చరిత్ర వెతుక్కునేవాళ్లు మొదట తట్టవలసిన తలుపు అదే.

బ్రిటిష్ పాలన కుదురుకున్నాక కాగితం పెరిగింది. 1800లో నిజాం కుంపిణీకి దత్తం చేసిన సీమలో కలెక్టరు మన్రో, రైతు నుంచే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ లెక్కలు మొదలుపెట్టాడు. 1858లో ఇనాం కమిషను కూర్చుని మాన్యాల హక్కులు విచారించింది. అప్పుడు రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరును దేవుడి మాన్యం కేసుల్లో న్యాయవాదులు ఇప్పటికీ ముందు పెడతారు. రైత్వారీ ఊళ్లకు సర్వే, సెటిల్‌మెంటు, మళ్లీ రీసెటిల్‌మెంటు వచ్చాయి. జమీందారీ ఊళ్ల సంగతి వేరు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి వంటి సంస్థానాల ఊళ్లలో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతే సర్కారు సెటిల్‌మెంటు జరిగింది. అక్కడ ఆర్‌ఎస్‌ఆర్ కాకుండా సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి. ఇది తెలియక, లేని రిజిస్టరు కోసం అర్జీ పెట్టి ‘రికార్డు లభ్యం కాలేదు’ అన్న జవాబుతో తిరిగి వచ్చేవాళ్లున్నారు. జవాబులో అబద్ధం లేదు, అడగవలసింది వేరే ఉందని చెప్పే ఓపిక ఆ కుర్చీలో లేదు.

తేదీలదీ అదే తంతు. పాత దస్త్రాల్లో కనిపించేది ఫసలీ, అక్బరు కాలంలో పుట్టిన పంటల సంవత్సరం. ఆంధ్రలో జూలై ఒకటిన మొదలవుతుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1434 ఫసలీ అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా. ‘మా నాన్న పేరు 1950 అడంగల్లో ఉందా’ అని అడిగితే రికార్డు రూము గుమాస్తాకు అది 1359 ఫసలీయో, 1360 ఫసలీయో తేలదు.

తెలంగాణలో ఈ కథ మరింత చేదుగా నడిచింది. నిజాం రాజ్యంలో దస్త్రం పట్వారీది. ఊరి మీద అజమాయిషీ మాలీ పటేల్, పోలీసు పటేల్ చేతుల్లో ఉండేది. వాళ్లందరి పైన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు. 1884 దాకా ఫార్సీ, ఆ తరవాత ఉర్దూ సర్కారు భాష. తెలుగు తప్ప మరో భాష రాని రైతుకు తన పొలం కాగితం మీద ఏముందో చదివి చెప్పేది ఆ కాగితం రాసినవాడే. సాలార్‌జంగ్ సంస్కరణల తరవాత జరిగిన సర్వే, సెటిల్‌మెంట్లలో, పన్నులు వసూలు చేసిన కుటుంబాలు రైతులు దున్నే వేల ఎకరాలను తమ పేర రాయించుకున్నాయి. తాము ఎప్పుడో కౌలుదార్లమైపోయామని ఆ రైతులకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. తుపాకీ పేల్చకుండా, కల్లంలో గొడవ పడకుండా, కలంతో జరిగిన ఆక్రమణ ఇది. తెలంగాణ సాయుధ పోరాటంలో జనం అప్పుపత్రాలతోపాటు దొరల గడీల్లో దొరికిన దస్త్రాలనూ తగలబెట్టింది ఇందుకే. వాళ్ల కోపానికి న్యాయం ఉంది. వాళ్ల మనవలకు ఆ మంటల వల్ల కలిగిన నష్టమూ నిజమే.

హైదరాబాదు రాష్ట్రం భారతదేశంలో కలిశాక ఊరూరా భూములు విచారించి 1954–55లో ఖాస్రా పహాణీ తయారు చేశారు. తెలంగాణలో భూమి వివాదం ఏదైనా చివరికి ఆ పుస్తకం దగ్గరికి వచ్చి ఆగుతుంది. అంతకు వెనక్కి పోవాలంటే నిజాం కాలపు సర్వే రిజిస్టరు సేత్వార్ చూడాలి. అది ఉర్దూలో ఉంటుంది. చదివిపెట్టేవాళ్లు రోజురోజుకూ తగ్గుతున్నారు.

గ్రామాధికారం తండ్రి నుంచి కొడుక్కు పోవడం మీద తొలి దెబ్బ కోర్టు నుంచి పడింది. గుంటూరు జిల్లాలోని ఒక గ్రామ మున్సబు పదవి మీద వచ్చిన వివాదంలో, పాత అధికారి కుటుంబానికే ఉద్యోగమనడం రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తేల్చింది. అయినా పదవులు నడిచాయి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణాలు, మున్సబులు, పటేల్, పట్వారీలందరినీ ఇంటికి పంపింది. ఆ పని చేయవలసిందే. కరణం పోయాడు గాని, కొన్ని ఊళ్లలో దస్త్రం మాత్రం ఆయన ఇంట్లోనే ఉండిపోయింది. అప్పగించినవాటిలోనూ కొన్ని పుస్తకాలు కనిపించలేదు. మరుసటి ఏడే తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. ఒక రికార్డు గదిలో ఉన్నవి నాలుగైదు ఆఫీసులకు చెదిరిపోయాయి. తాత కాలం నాటి నకలు కోసం మండలం, డివిజను, కలెక్టరేటు, సర్వే ఆఫీసుల చుట్టూ తిరగడం ఆనాటి నుంచే రివాజయింది.

ఈ దేశంలో రికార్డు చూసే హక్కు ఎప్పుడూ లేదనడం సరికాదు. 1872 సాక్ష్యాధారాల చట్టమే ప్రజలు చూడదగిన పత్రానికి రుసుము తీసుకుని నకలు ఇవ్వాలంది. 1908 రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషను ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాక, రోజులు పట్టే ఈసీ (ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్) నిమిషాల్లో చేతికొచ్చింది. అయితే హక్కు చట్టంలో ఉండటం ఒక ఎత్తు, ఆఫీసులో అడిగి తీసుకోవడం మరో ఎత్తు. ఆ రెంటి మధ్య దూరాన్ని రాజస్థాన్ కూలీలు తగ్గించారు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో కోట్ కిరానా గ్రామంలో తొలి బహిరంగ విచారణ పెట్టి కూలీల హాజరు పట్టీలైన మస్టరు రోల్సు చదివి వినిపించింది. పనిచేయనివాళ్ల పేర్లు అందులో బయటపడ్డాయి. రికార్డుల నకళ్లు ఇవ్వాలంటూ 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా నడిచింది. చివరికి 2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం జమ్మూ కశ్మీర్ మినహా దేశమంతటా అమల్లోకి వచ్చింది.

తరవాత ఆన్‌లైన్‌లో మీసేవ, మీభూమి, తెలంగాణలో ధరణి వచ్చాయి. అడంగల్ ఇప్పుడు సెల్‌ఫోన్‌లో కనబడుతుంది. ఇది చిన్న మార్పు కాదు. తెరమీద కనిపించేది మాత్రం పాత పుస్తకంలోంచి ఎవరో ఎక్కించిన భాగమే. ధరణిలో అనుభవదారు గడినే తీసేశారు. పాత పహాణీలో కౌలు రైతు ఉనికి చెప్పే గడి అది. 2020 సెప్టెంబరు 7న తెలంగాణలోని గ్రామ రెవెన్యూ అధికారులందరూ (వీఆర్వోలు) ఆ మధ్యాహ్నానికల్లా రికార్డులు తహసీల్దారుకు అప్పగించాలని ఆదేశం వచ్చింది. వాళ్ల ఉద్యోగాలు రద్దయ్యాయి. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఊరికో గ్రామ పాలనాధికారి కావాలని మళ్లీ నియామకాలు చేశారు. ఊళ్లో లెక్క రాసే మనిషిని తీసేయడం, కొన్నాళ్లకు మళ్లీ పెట్టడం తెలుగు ప్రభుత్వాలకు అలవాటుగా మారింది. తరవాత వచ్చే మనిషికి పాత పుస్తకాలు వరస చెడకుండా అప్పగించడం మాత్రం ఏ ప్రభుత్వానికీ అలవడలేదు.

కనుక పొలం కాగితం వెతికేవాళ్లు ఆన్‌లైన్ ప్రింటుతో ఆగవద్దు. మీ ఊరు రైత్వారీయా, ఇనామా, జమీందారీయా, నిజాం ఇలాకాయా అన్నది ముందు కనుక్కోండి. ఆర్‌ఎస్‌ఆర్, ఫెయిర్ అడంగల్, ఖాస్రా పహాణీల్లో మీకు కావలసింది పేరు పెట్టి, సర్వే నంబరు, ఫసలీ వేసి అర్జీలో రాయండి. అడగ్గానే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి రశీదు తీసుకోండి. జవాబుకు గడువు 30 రోజులు. ఉమ్మడి రాష్ట్రం 2005లో చేసిన నిబంధనల ప్రకారం మండల స్థాయి ఆఫీసులో దరఖాస్తు రుసుము 5 రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు రుసుమే లేదు.